మొగ దగ్గర గాలి లెక్క మాకు అందించండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న అంతర్వేది పల్లిపాలెం నుంచి రాస్తున్నాను. మాది తరతరాలుగా వేట మీద బతికే కుటుంబం. తుఫానుల గురించి మీకు అర్జీలు చాలా వస్తుంటాయి. నేను రాసేది తుఫాను గురించి కాదు. ఫిబ్రవరి చివర మొదలై మే దాకా మా తీరం మీద వీచే దక్షిణపు గాలి గురించి. దీనికి ఎవరూ పేరు పెట్టరు, రేవులో ప్రమాద సూచిక ఎగరెయ్యరు, టీవీలో చెప్పరు. మా చిన్న పడవల నడుం విరగ్గొడుతున్నది మాత్రం ఇదే.

భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణం, తీర్థం అయిపోయాక మా దగ్గర గాలి తిరుగుతుంది. చలికాలపు ఈశాన్యం తగ్గి దక్షిణం, నైరుతి పట్టుకుంటాయి. తెల్లవారుజామున నేల మీది నుంచి మెత్తగా వీచే గాలితో బయటికి వెళ్తాం. ఎండెక్కి నేల కాలేకొద్దీ సముద్రపు గాలి బలం పుంజుకుంటుంది. పది, పదకొండు గంటలకల్లా కెరటాల తలల మీద తెల్లగా నురగ లేస్తుంది. మేం తిరిగొచ్చే వేళకు గాలి పూర్తి ఊపు మీద ఉంటుంది.

గాలి ఉన్న రోజు ఇంట్లో ఉండొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. చేప కూడా ఆ గాలికే ఒడ్డు దగ్గరికి వస్తుందండీ. అడుగున మట్టి కదిలి నీళ్లు కలకబారితే రొయ్య లేస్తుంది, దాని వెనకే మాగ, గొరక, పండుగప్ప వస్తాయి. తేట నీళ్లలో వలను చూసి తప్పుకునే చేప కలక నీళ్లలో తప్పుకోలేదు. పైగా ఏప్రిల్ 15 వచ్చిందంటే జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. ఈలోగా నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి. అందుకే మార్చిలో గాలికి జడిసి ఒడ్డున ఉండిపోయేవాళ్లు తక్కువ.

నిషేధాన్ని మేం తప్పుపట్టడం లేదు. చేప గుడ్లు పెట్టే కాలంలో వల ఆపాలని మాకూ తెలుసు. నిషేధ భృతిని 20 వేల రూపాయలకు పెంచినందుకు కృతజ్ఞతలు కూడా చెప్పుకుంటున్నాం. కానీ ఒక్కటి గమనించండి. ఇంజిన్ లేని నాటుపడవలకు ఈ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. అంటే గాలి ముదిరే ఏప్రిల్, మే నెలల్లో సముద్రం మీద ఉండేది తెడ్డు, తెరచాప తప్ప ఇంకేమీ లేనివాళ్లు. ఎదురుగాలి కొడితే తిరిగొచ్చే శక్తి అందరికంటే తక్కువున్నది వాళ్లకే.

అసలు ప్రమాదం నడిసముద్రంలో కంటే నది సముద్రంలో కలిసే మొగలోనే ఎక్కువ. ఎండాకాలం వచ్చేసరికి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరున్న నీళ్లు దాళ్వాకు (రబీ వరికి), తాగడానికి కాలువల్లోకి వెళ్తాయి. అది న్యాయమే, మా బంధువులు కూడా ఆ నీళ్లతోనే వరి పండిస్తున్నారు. అయితే వశిష్ఠలో పై నుంచి వచ్చే పారుదల తగ్గిపోవడంతో మొగలో ఇసుకను బయటికి నెట్టే బలం ఉండదు. కెరటాలు తెచ్చిన ఇసుక అక్కడే మేట వేస్తుంది. నిరుడు నావ నడిచిన దారి ఈ ఏడాది ఉండదు. ఆ మేట మీద పాటు నీళ్లు, అంటే పోటు తగ్గి వెనక్కి తీసే నీళ్లు, బయటికి లాగుతుంటే, దక్షిణపు గాలికి లేచిన కెరటం లోపలికి తోస్తుంది. రెండూ ఎదురుపడిన చోట కెరటం పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. పాతికేళ్లు చుక్కాని పట్టినవాడికి కూడా అక్కడ గుండె జారుతుంది. కాకినాడ వైపు వాళ్లకు హోప్ ఐలాండ్ అడ్డుండి బయటి కెరటం కొంత ఆగుతుంది. కోనసీమ మొగల్లో మాకు ఆ చాటు లేదు.

మా తమ్ముడి ఫైబర్ బోటు అలాంటి ఒక మార్చి మధ్యాహ్నం మేట మీద తిరగబడింది. మనుషులు ఈదుకుంటూ, పక్క పడవవాళ్లు అందించిన తాడు పట్టుకుని బయటపడ్డారు. వలలు పోయాయి, ఇంజిన్‌లోకి ఉప్పునీళ్లు వెళ్లాయి. నష్టం కోసం ఆఫీసుకి వెళ్తే, ఆ రోజు తుఫాను హెచ్చరిక లేదు కాబట్టి రాసుకోవడానికి వీలు లేదన్నారు. హెచ్చరిక లేకపోవడం వల్లే కదా వాళ్లు వెళ్లింది! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్పు మాత్రం వడ్డీతో సహా ఇంకా తీరుస్తూనే ఉన్నాడు.

మామూలుగా గాలి గంటకు 45 కిలోమీటర్లకు చేరితేనే వేటకు వెళ్లొద్దని వాతావరణ శాఖ చెబుతుంది. పెద్ద బోటుకు ఆ లెక్క సరిపోతుందేమో. పాటు వేళ మొగలో మా బోటును తిప్పెయ్యడానికి అంత గాలి అక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లు చెబుతోంది, కెరటాల ఎత్తు చెబుతోంది. చిన్న పడవలు ఎక్కడ తిరగబడే ప్రమాదం ఉందో ముందుగా చెప్పే సేవ కూడా ఆ సంస్థకు ఉంది. ఆటుపోట్ల వేళలు ఏడాది ముందే లెక్కగట్టి అచ్చువేస్తారు. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. వీటిని కలిపి, "రేపు అంతర్వేది మొగలో పదకొండు తర్వాత గాలి పెరుగుతుంది, అప్పుడు పాటు నడుస్తుంటుంది, అంతకుముందే లోపలికి వచ్చెయ్యండి" అని రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో తెలుగులో చెప్పేవాళ్లు లేరు. జిల్లా మొత్తానికి కలిపి చెప్పే మాట మాకు పనికిరాదు, మొగ పేరు పెట్టి చెప్పాలి.

అలా చెప్పడానికి అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం మొగల దగ్గర గాలి వేగం కొలిచే యంత్రం, దూరానికి కనిపించే జెండా స్తంభం పెట్టించండి. సముద్రంలో ఉన్నవాడు జెండా చూసి ముందే వల ఎత్తుకుంటాడు. అంతర్వేదిలో లైట్‌హౌస్ ఉంది, కానీ అది తీరం ఎక్కడుందో చెబుతుంది తప్ప ఈ ఏడాది లోతు ఎటు తిరిగిందో చెప్పదు. తీర్థం కాగానే మొగ లోతు కొలిపించి, దారికి రెండు వైపులా దీపాలున్న తేలుడు గుర్తులు వేయించండి. ఎక్కడ వెయ్యాలో మా పెద్దవాళ్లను అడిగితే చూపిస్తారు. పూడిక తీతకు ఎప్పుడు నిధులొచ్చినా ఆ పని మార్చికి ముందే అయిపోవాలి, వరద రోజుల్లో తవ్వి ప్రయోజనం లేదు. మొగలో తిరగబడిన పడవకు తుఫాను ఉందా లేదా అని చూడకుండా, ఆ రోజు ఆ చోట నమోదైన గాలిని బట్టి నష్టం కట్టే నిబంధన తేవాలని కూడా కోరుతున్నాను. యంత్రం ఉంటే రుజువు కూడా ఉంటుంది.

కొత్త ఫిషింగ్ హార్బర్ల పనుల మీద మీరు తీరానికి వస్తూనే ఉంటారు. ఈసారి మార్చిలో రండి. ఉదయం పూట వస్తే సముద్రం చెరువులా కనిపిస్తుంది. మధ్యాహ్నం, పాటు నడిచే వేళ రండి, మీ ఇంజినీర్లను కూడా వెంటబెట్టుకుని రండి. ఆ సమయానికి మా పడవలు మేట దాటుతుంటాయి.

ఇట్లు,
అంతర్వేది పల్లిపాలెం మత్స్యకారుడు