కాలర్‌బోన్‌కు స్లింగ్ కట్టాక ఏం చూడాలి?

సంపాదకులకు,

కాలర్‌బోన్ (మెడ కింద, ఛాతీ నుంచి భుజం దాకా ఉండే ఎముక) విరిగితే దానంతటదే అతుక్కుంటుందని ఆరోగ్య శీర్షికల్లో తరచూ రాస్తుంటారు. ముక్కలు పక్కకు జరగకపోతే అది నిజమే, పిల్లల్లో మరీ నిజం. కానీ అతుక్కోనివి నూటికి ఒకటి కూడా ఉండవన్న నమ్మకం 1960ల నాటిది. 2007లో కెనడా ఆర్థోపెడిక్ ట్రామా సొసైటీ ప్రచురించిన అధ్యయనం, ఎముక నడిమి భాగం విరిగి ముక్కలు పూర్తిగా పక్కకు తప్పుకున్న పెద్దవాళ్ల మీద జరిగింది. చేతిని మెడకు వేలాడదీసే పట్టీతో, అంటే స్లింగ్‌తో సరిపెట్టిన 49 మందిలో ఏడుగురికి ఎముక అతకలేదు. ఆపరేషన్ చేసి లోహపు ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి అతకలేదు.

మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది. చేతి బరువు బయటి ముక్కను కిందికి దించుతుంది. ఛాతీ కండరం భుజాన్ని లోపలికి గుంజుతుంది. దాంతో కొసలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఎముక పొట్టిదవుతుంది. స్లింగ్ చేతి బరువు మోస్తుందే తప్ప ముక్కలను సరిచేయదు. వీపు మీదుగా ఎనిమిది ఆకారంలో బిగించే పట్టీ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు, పైగా చంకలో ఒరుసుకుని పుండ్లు పడతాయి, చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

అసలు తేడా వచ్చేది ఎక్స్-రే దగ్గర. పడుకోబెట్టి తీస్తే చేతి బరువు పడదు కాబట్టి జరుగుడు తక్కువగా కనబడుతుంది. నిలబెట్టి, ఒకటి నేరుగా, మరొకటి ట్యూబును 20-30 డిగ్రీలు పైకి వంచి తీయాలి. వారానికోసారి, కనీసం మొదటి రెండు వారాలు మళ్లీ చూడాలి. మొదటి రోజు బాగున్న ముక్కలు ఆ వ్యవధిలోనే జారుతుంటాయి. రెండు సెంటీమీటర్లకు మించి పొట్టిదైనా, మధ్యలో ఎముక నుజ్జయినా, మనిషి పొగతాగేవాడైనా ఆపరేషన్ మాట ఎత్తాల్సిందే. భుజం వైపు కొస విరిగి దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు తెగితే అతకని అవకాశం ఇంకా ఎక్కువ. వృద్ధుల్లో మాత్రం అతకకపోయినా పెద్దగా బాధ లేకుండా గడిచిపోతుంటుంది.

చర్మం తెల్లబడి గుడారంలా పైకి లేచినా, చెయ్యి చల్లబడినా, స్పర్శ తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ వైపు కొస లోపలికి కుంగి మింగడం కష్టమైతే అదీ అత్యవసరమే.

స్లింగ్‌లో ఉన్నా వేళ్లు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించాలి. మోచేతిని రోజుకు నాలుగైదుసార్లు స్లింగ్ నుంచి తీసి చాపాలి, లేకపోతే అది బిగుసుకుపోతుంది. నొప్పి తగ్గాక చేతిని వేలాడేసి మెల్లగా ఊపవచ్చు. భుజం ఎత్తు దాటించడం, బరువులెత్తడం ఆరు వారాల ఎక్స్-రే చూశాకే. అప్పటికీ విరిగిన చోట కదులుతున్నా, టకటకమంటున్నా మందుబిళ్లలతో నెట్టుకురాకూడదు. ఆర్నెల్లకూ అతకకపోతే కొసలు చెక్కి, తుంటి ఎముక నుంచి ముక్క తీసి పెట్టి ప్లేటు వేయాల్సి రావచ్చు. మొదట్లో చేసే ఆపరేషన్ కంటే అది పెద్దది. అతికిన చోట ఎముక బాగా ఉబ్బి నరాలను నొక్కితే నెలల తర్వాత చిటికెన వేలు తిమ్మిరెక్కడమూ ఉంది.

ఆపరేషన్‌కూ దాని ఇబ్బందులు దానికున్నాయి: ఇన్ఫెక్షన్, మచ్చ కింద మొద్దుబారడం, పలచని చర్మం కింద ప్లేటు ఒరుసుకుంటే దాన్ని తీయించడానికి మరో ఆపరేషన్. ఎముక అతికినవారిలో ఏడాది తిరిగేసరికి రెండు పద్ధతుల మధ్య చేతి సత్తువలో తేడా స్వల్పమే. అందుకే మీ శీర్షికలో 'కట్టు చాలు' అని రాసినప్పుడు, ఎముక ఎంత పొట్టిదైందో, తర్వాతి ఎక్స్-రే ఎప్పుడో డాక్టర్‌ను అడగమని కూడా రాయండి.

– ఒక ఎముకల వైద్యుడు