కోదాడ దగ్గర ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్న ఎలక్ట్రీషియన్ అన్నకి

నిన్న తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరాం. నాన్న నిద్రపోతున్నారు, నాకే కన్ను మూతపడట్లేదు. ఇప్పుడు రాయకపోతే రేపట్నుంచి మందులు, డ్రెస్సింగులు, ఆఫీసు అంటూ ఈ థాంక్స్ చెప్పడం అలాగే ఉండిపోతుంది, అందుకే కూర్చున్నా.

నాన్నకి హైదరాబాద్‌లో బైపాస్ సర్జరీ అయ్యి ఎనిమిదో రోజు డిశ్చార్జ్ చేశారు. రొమ్ము ఎముక కోసి కలిపారు కాబట్టి దగ్గొచ్చినా కుదుపొచ్చినా దిండు గుండెకి గట్టిగా అదుముకోమని ఆస్పత్రిలో నేర్పించారు. ఆయన వెనక సీట్లో ఆ దిండు పట్టుకునే కూర్చున్నారు. సూర్యాపేట దాటేదాకా బాగానే వచ్చాం, మునగాల దాటాక వాన అందుకుంది, దాంతోపాటే కారు జర్కులివ్వడం మొదలెట్టింది. మాది చిన్న టర్బో పెట్రోల్ బండి, మూడు సిలిండర్లది. ఆపి ఉంచితే ఇంజిన్ బాగానే తిరుగుతుంది, మెల్లగా పోతే బాగానే పోతుంది, లారీని దాటదామని కాస్త కాలు నొక్కితే చాలు టపటపా కొట్టుకుంటూ ఊగిపోతుంది. ఊగినప్పుడల్లా వెనక నుంచి నాన్న "అమ్మా" అని పళ్ల బిగువున అనడం వినిపిస్తోంది. చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలగడం కాదు, ఆరుతూ వెలుగుతూ ఉంది. అలా కొట్టుకుంటుంటే కాలని పెట్రోల్ పొగ గొట్టంలోకి పోయి, అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోతుందని తెలుసు కాబట్టి పక్కకి తీసి ఆపేశా. డబ్బు కట్టి తీసుకున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే మూడు గంటలు పడుతుంది సార్, లాక్కెళ్లే బండిలో ఒక్కరికే చోటుంటుంది అన్నారు. ఆపరేషన్ అయిన మనిషి ఉన్నాడు అంటే, టికెట్‌లో రాస్తాం సార్ అన్నారు.

అటుగా పోతున్న ఆటో అతను ఆగి, సర్వీస్ రోడ్డులో లారీలకి వైరింగ్ చేసే ఒకాయన ఉంటాడు, షెడ్డు వెనకే ఇల్లు, తలుపు కొట్టమన్నాడు. నడిచేంత వేగంతో పాక్కుంటూ వెళ్లాం. టైం పదిన్నర దాటింది.

ఆయన పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. యాభై దాటి ఉంటాయి. టార్చి పట్టుకుని వచ్చాడు, బానెట్ ఎత్తుతాడనుకున్నా, వెనక అద్దంలోంచి దిండు చూశాడు. "ఆపరేషనా? ముందుగాల పెద్దమనిషిని దింపుండ్రి, బండి సంగతి తర్వాత" అన్నాడు. దింపడానికి చెయ్యి సాయం పట్టబోయి ఆగిపోయాడు. చేతుల నిండా గ్రీజు. వానలోనే పంపు దగ్గరికి పోయి ముందు పెట్రోల్ గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో ఒకసారి కడిగి, వాసన చూసుకుని, మళ్లీ సబ్బు రుద్ది గోళ్లలో కూడా కడుక్కుని వచ్చాడు. "కుట్లు పచ్చిగ ఉంటయి కదా సార్" అన్నాడు. అప్పుడు నాన్న చంక కింద చెయ్యి వేసి మెల్లగా తీసుకెళ్లి లోపల మంచం మీద కూర్చోబెట్టాడు. నాన్నకి రెండు గంటల నుంచి బాత్రూంకి వెళ్లాలని ఉందంట, మాకు చెప్పలేక బిగబట్టుకున్నారు, ఆయనకి చెప్పారు. గొడుగు పట్టి తీసుకెళ్లి తీసుకొచ్చాడు. ఎనిమిది రోజులు ఐసీయూ బయట కూడా నేను ఏడవలేదండీ, ఆ పంపు దగ్గర ఆయన రెండోసారి సబ్బు రుద్దుకుంటుంటే నావల్ల కాలేదు, అటు తిరిగి కారు తుడుస్తున్నట్టు నిలబడ్డా.

తర్వాత బండి పని. స్టీరింగ్ కింద సాకెట్‌కి చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదని. హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్ పోయిందా, దాంతో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు పోయిందా తేల్చడానికి ఒకటో కాయిలూ రెండో కాయిలూ అటుదిటు మార్చి, కోడ్ చెరిపి, నాన్నని మంచం మీదే ఉంచి ఫ్లైఓవర్ ఎక్కించి తొక్కమన్నాడు. కోడ్ మళ్లీ రెండులోనే వచ్చింది. కాయిల్‌తోపాటు తప్పు ఒకటోదానికి జరగలేదు కాబట్టి ప్లగ్గే చూడాలన్నాడు. విప్పి టార్చి కింద పెట్టాడు, తెల్లటి పింగాణీ మీద పై నుంచి కింది దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. సందులు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి కొలిస్తే, నిప్పురవ్వ దూకే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. మూడూ అంతే. మా మాన్యువల్ తీసి చూస్తే 0.7 నుంచి 0.8 అని ఉంది.

"టర్బో గాలిని కుక్కి పంపిస్తది సార్, గాలి చిక్కగైతే కరెంటు దూకుడు కష్టం. గ్యాప్ ఎక్కువుంటే దూకక పక్కదారి పడ్తది. ఆ గీత అదే దారి" అన్నాడు. అందుకే ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు తెలియలేదు, తొక్కితేనే తెలిసింది. నాకు ఇన్ని నెలల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఇదే జర్కు గురించి మూడుసార్లు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా. మొదటిసారి బంకు మార్చండన్నారు. రెండోసారి ఇంజెక్టర్లు క్లీన్ చేశాం అని బిల్లు వేశారు. మూడోసారి, అంటే నలభై రోజుల కింద, ప్లగ్గులు మార్చారు, ఆ మార్చినవే ఇవి. గ్యాప్ కొలవడానికి ఎంతసేపు పడుతుంది? జాబ్ కార్డు మీద రోడ్ టెస్ట్ ఓకే అని టిక్ ఉంది, బండి ఇచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉందో తీసుకున్నప్పుడూ అన్నే ఉంది. నిన్న రాత్రే పోలిక చూశా. షెడ్డులో ఐడిల్‌లో పెట్టి ఓకే అంటే ఈ జబ్బు ఎప్పటికీ దొరకదు, ఎక్కుడు రోడ్డు మీద తొక్కి చూడాలి. వాళ్లకి ఏసీ లాంజ్ ఉంది, కంప్యూటర్లున్నాయి, ఈయనకి ఒక టార్చి, రేకుల గేజ్, మూడు వందల స్కానర్.

స్పేర్ పార్ట్స్ షాపు ఆయనకి ఫోన్ చేసి లేపి సరైన ప్లగ్గులు మూడు తెప్పించాడు. ప్లగ్గు ఇరిడియం మొన సన్నగా ఉంటుందని దానికి రేకు ఒరుసుకోకుండా ఎంత జాగ్రత్తగా కొలిచాడో. కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా గీత మొదలైందని స్పిరిట్‌తో తుడిచి, కరెంటు పాకనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి, "ఇది ఊరు చేరేదాకనే, కాయిల్ మార్పించుకోండ్రి, ఇంజిన్ ఆర్పీఎం 2500 దాటనీయకుండ మెల్లగ పోండ్రి" అని రెండుసార్లు చెప్పాడు. మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కించి చూశాం. ఒక్క జర్కు లేదు. ప్లగ్గుల డబ్బు కాక రెండొందలు తీసుకున్నాడు, నేను రెండు వేలు జేబులో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

మా ఆవిడ, తమ్ముడు, బావగారు ఈ పది రోజులూ చేసిందంతా ఇంట్లో అందరికీ తెలిసిందే.

అయ్యో, ఆ అన్న భార్యగారిని రాయనేలేదు, నాన్నకి ఉప్పు తక్కువ వేసి జావ కాచి ఇచ్చారు, అడిగి మరీ ఉప్పు తగ్గించారు. షట్టర్ తీసిన షాపు ఆయనకి, దారి చెప్పిన ఆటో తమ్ముడికి (నంబర్ కూడా తీసుకోలేదు), మేం ఆగినప్పుడు వెనక కోన్లు పెట్టి లైట్లు వేసుకుని నిలబడిన హైవే పెట్రోలింగ్ ఇద్దరికీ, ఆస్పత్రిలో దిండు ఎలా పట్టుకోవాలో నాన్నకి నాలుగుసార్లు చూపించిన నర్సమ్మకి కూడా థాంక్స్. ఇంకెవరినైనా మర్చిపోయి ఉంటే మన్నించండి, తల పనిచేయట్లేదు.

కాయిల్ ఆర్డర్ పెట్టా. వాళ్ల గొడుగు మా డిక్కీలోనే ఉండిపోయింది, వచ్చే నెల చెకప్‌కి వెళ్లేటప్పుడు కోదాడలో ఆగి ఇస్తాం, నాన్న కూడా దిగి కలుస్తానంటున్నారు.