సిమ్యులేషన్ బాగుందా అని అడిగితే సరిపోదు

సంపాదకులకు,

నర్సింగ్ కాలేజీల్లో సిమ్యులేషన్ తరగతి, అంటే రోగికి బదులు బొమ్మ మీద సాధన చేయించే తరగతి అవగానే విద్యార్థుల చేత ఒక ఫారం నింపిస్తారు. ఉపయోగపడిందా, ధైర్యం పెరిగిందా, మళ్ళీ కావాలా అని ప్రశ్నలు. అందరూ అయిదుకు నాలుగో అయిదో వేసి ఇచ్చేస్తారు. వేయక ఏం చేస్తారు? బొమ్మకు నొప్పి లేదు, పక్కన గాభరాపడే బంధువులు లేరు. ఆ మార్కులు చూసి ల్యాబ్ భేషుగ్గా నడుస్తోందనుకోవడం తొందరపాటు. వార్డు పోస్టింగ్ మొదలైన నెలకు అదే పిల్లల్ని అడిగితే వేరే మాటలు వినిపిస్తాయి.

ఐవీ కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం సంగతే చూడండి. రబ్బరు చేతిలో నరం కోసం వేలితో తడమక్కర్లేదు, పాత బ్యాచ్ పొడిచిన చిల్లులే దారి చూపిస్తాయి. 10 నుంచి 30 డిగ్రీల కోణంలో సూది దించగానే రక్తానికి బదులు నింపిన ఎర్రనీళ్ళు కనబడతాయి, పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలు. కోణం తగ్గించి, సూదిని ఇంకో రవ్వ ముందుకు తోసి, ఆ తర్వాతే ప్లాస్టిక్ గొట్టాన్ని జార్చాలి. ఆ రవ్వ మరిచిపోతే గొట్టం కొస నరం బయటే ఉండిపోతుంది. వయసు మళ్ళినవాళ్ళకైతే కింది చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టకపోతే నరం పక్కకు జారుతుంది. చేతికి బిగించిన పట్టీ (టోర్నికే) విప్పకుండా సూది తీసినా రబ్బరు చెయ్యి ఏమీ అనదు. మనిషికైతే దుప్పటి తడుస్తుంది. ఇంకో తమాషా ఉంది. ఎర్రనీళ్ళ సంచి చేతికన్నా కిందికి ఉంటే, సూది నరంలోనే ఉన్నా చుక్క రాదు. తప్పు తన చేతిదేననుకుని విద్యార్థిని బెంగపడుతుంది. చర్మం తొడుగు, లోపలి గొట్టాలు మార్చుకునేలాగే తయారుచేస్తారు. మార్చేవాళ్ళేరీ?

సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మదీ అదే కథ. స్ప్రింగు వదులైతే నొక్కాల్సిన 5 సెంటీమీటర్ల లోతు చిటికెలో దిగుతుంది. లోతు, వేగం చూపే మీటరున్న బొమ్మంటే పిల్లలకు ఇష్టం, అది న్యాయమే.

వాళ్ళ అసలు ఫిర్యాదు మాత్రం బొమ్మ మీద కాదు, ఆ తర్వాత జరిగే చర్చ మీద. 15 నిమిషాల సన్నివేశానికి కనీసం అంతే సేపు, వీలైతే రెట్టింపు సేపు ఈ చర్చ, అంటే డీబ్రీఫింగ్ ఉండాలి. గంట కొట్టేస్తారని అయిదు నిమిషాల్లో తప్పుల చిట్టా చదివి పంపేస్తే అది డీబ్రీఫింగ్ కాదు, చీవాట్లు. ‘డాక్టరును పిలవకుండా మళ్ళీ బీపీ చూశావు, అప్పుడేమనుకున్నావు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. పక్కన నిలబడి చూసేవాళ్ళ చేతిలో కూడా పరిశీలన పత్రం ఉండాలి. లేకపోతే ఇద్దరు నేర్చుకుంటారు, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటారు.

అమెరికాలో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆసుపత్రిలో నేర్చుకోవాల్సిన (క్లినికల్) గంటల్లో సగం వరకు సిమ్యులేషన్‌తో నింపినా ఫలితాలు తగ్గలేదని అందులో తేలింది. యాజమాన్యాలు ఈ ముక్క వరకే వల్లె వేస్తాయి. అక్కడ బోధకులకు డీబ్రీఫింగ్‌లో ముందుగా శిక్షణ ఇచ్చారన్న సంగతి వదిలేస్తాయి.

ఫారం ఉండనివ్వండి, ప్రశ్నలు మార్చండి. నీ చేత్తో ఎన్నిసార్లు చేశావు? ఏ మెట్టు దగ్గర ఆగిపోయావు? వార్డులో ఏది వేరుగా ఉంది? చివరి ప్రశ్నను పోస్టింగ్‌కు వెళ్ళిన నెల తర్వాత, పేరు రాయించకుండా అడగండి.

ఇట్లు,
నర్సింగ్ స్కిల్ ల్యాబ్ బోధకులు