ఆ గీత నీదే

ఒరేయ్,

కొత్త ప్రెస్సింగ్, అంటే మళ్లీ అచ్చుపోసిన కాపీ, దొరుకుతుంటే ఆ అరిగిన రికార్డు పట్టుకుని ఎందుకు వేలాడుతున్నావని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే సగంలోనే నవ్వేస్తావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నా హెవీ మెటల్ రాక్ రికార్డులన్నీ అరల్లో ఉంటాయి. ఆ సంగీతానికి ఆద్యులైన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ఒక్కటే ప్లేయర్ పక్కన గోడకి ఆనుకుని ఉంటుంది. అట్ట మీద పాత నీటి మర, దాని ముందు నల్లబట్టల్లో పాలిపోయిన ఆవిడ. ఆ మర ఇంగ్లండ్‌లోని మేపుల్‌డరమ్‌లో నిజంగానే ఉంది. 12 అంగుళాల అట్ట మీద ఆవిడ మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఫోన్‌లో గోరంత బొమ్మలో ఏం కనిపిస్తుంది చెప్పు?

సూది దించగానే ముందు వాన. ఉరుము, దూరంగా గంట. నా కాపీలో చిటపటలు కూడా ఆ వానలో కలిసిపోతాయి. బ్రష్‌తో ఎంత తుడిచినా పోవు. ఏది చినుకో ఏది దుమ్మో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ తర్వాత బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ గిటార్ మన మీద పడుతుంది. మూడే స్వరాలు: కింది స, పై స, మధ్యలోకి దిగి ప్రతి మధ్యమం. కళ్యాణిలో అంత తియ్యగా ఉండే స్వరం ఇక్కడ వెన్నులో చలి పుట్టిస్తుంది. మొత్తం ఆల్బమ్ 1969 అక్టోబరులో ఒక్కరోజులో రికార్డు చేసేశారట. వింటే తెలిసిపోతుంది, నలుగురూ ఒకే గదిలో ఉన్నట్టుంటుంది.

అయోమీ వేళ్ల సంగతి నీకు చెప్పానా? 17 ఏళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. తనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే పోయాయన్నమాట. ఇక గిటార్ వదిలేద్దామనుకుంటుంటే ఫ్యాక్టరీలో పైఆఫీసరు ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. మంటల్లో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా అద్భుతంగా వాయించిన గిటారిస్టు ఆయన. దాంతో అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. మెటల్ పుట్టడం వెనక ఒక రికార్డు ఉందిరా!

బ్యాండ్ గాయకుడు ఆజీ ఆస్బర్న్ పోయిన రోజు, 2025 జులై 22, రాత్రి ఇదే పెట్టుకున్నా. 'ది విజార్డ్'లో మౌతార్గాన్ ఊదేది తనే. ఆ పాట అయ్యాక సూది ఎత్తేశాను.

ఇక నువ్వు అడిగినదానికొస్తా. రెండో వైపు చివర్లో 'వార్నింగ్', పది నిమిషాలు దాటే పాట. బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి అరమీటరు పరిగెడితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 సెంటీమీటర్లే పాకుతుంది. అందుకే అక్కడ డ్రమ్స్‌లోని సింబల్స్, ఆ ఇత్తడి పళ్లేలు, గరగరలాడతాయి. సరిగ్గా అక్కడే ఒకరోజు సూది ఉండే ఆర్మ్ నీ చేతిలోంచి జారి గీత పడింది, గుర్తుందా? అరగంట సారీ చెప్పావు. నిమిషానికి 33 చుట్లు కాబట్టి అప్పట్నుంచీ 1.8 సెకన్లకోసారి 'టిక్'మంటుంది. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు వేరేచోట ఆ పాట వింటే ఆ టిక్ కోసం చెవి ఎదురుచూస్తోంది, ఏం చెయ్యమంటావ్!

కొత్తది కొంటే కొను, వద్దనను. నాకు మాత్రం ఇదే. నువ్వొచ్చినప్పుడు రెండు వైపులా విందాం, ఆర్మ్ నేను దింపుతా.

నీ,
గోల భరించే నేను