ఫిర్యాదు లేఖ: ‘చక్కెర కలపలేదు’ అన్న రాగి మాల్ట్‌లో 26 శాతం బెల్లం

మారతహళ్ళి, బెంగళూరు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ రాగి మాల్ట్ ప్యాకెట్ మీది ‘చక్కెర కలపలేదు’ అన్న మాట, పోషక విలువల పట్టికలోని తప్పు లెక్క.

అయ్యా,

మీ 500 గ్రాముల రాగి మాల్ట్ ప్యాకెట్ ముందువైపు ఆకుపచ్చ పట్టీలో ‘చక్కెర కలపలేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. వెనక, ధర కింద, కళ్ళు చికిలించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంది: మొలకెత్తించిన రాగుల పిండి 42 శాతం, బెల్లం పొడి 26 శాతం, మాల్టోడెక్స్‌ట్రిన్, వెన్న తీసిన పాలపొడి 10 శాతం, ఖర్జూరం పొడి 6 శాతం, యాలకులు. పట్టికలో 100 గ్రాములకు మొత్తం చక్కెరలు 34 గ్రాములు, కలిపిన చక్కెరలు సున్నా అని వేశారు. ఆ సున్నా ఎలా వచ్చిందని అడిగితే, ‘బెల్లం సహజమైనది, చక్కెర కిందికి రాదు’ అని మీ సిబ్బంది జవాబిచ్చారు.

బెల్లం చెరకు రసాన్ని కాచి గట్టిపరిచిందే కదా. పంచదార తయారీలో మడ్డిని (మొలాసిస్‌ను) వేరుచేస్తారు, బెల్లంలో అది ఉండిపోతుంది. రంగు, వాసన, కాస్త ఖనిజాలు దానివల్లే. మిగిలిందంతా దాదాపు సుక్రోజే, అంటే పంచదారలో ఉండే చక్కెరే. రెండు చెంచాల బెల్లంతో వచ్చే ఇనుము లెక్కలోకి తీసుకోదగ్గంత ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనె, పాకాలు, పండ్లరసాల్లోని తీపిని కూడా తగ్గించాల్సిన చక్కెరల్లోనే చేర్చింది. పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజును, పండును పండుగా తిన్నప్పుడు వచ్చే తీపిని మినహాయించింది.

మీ జాబితాతోనే లెక్క కడదాం. 10 గ్రాముల పాలపొడిలో సగం లాక్టోజు, అంటే 5 గ్రాములు. మొలకెత్తినప్పుడు రాగిలోని పిండిపదార్థం కొంత మాల్టోజు అనే చక్కెరగా మారుతుంది కాబట్టి దానికి ఉదారంగా ఓ 3 గ్రాములు. ఖర్జూరం పొడికి 4. 26 గ్రాముల బెల్లంలో 85 శాతం చక్కెర అనుకుంటే 22. అన్నీ కలిపితే సరిగ్గా మీ 34 వస్తుంది. అంటే మొత్తం చక్కెరలు వేసినవారికి బెల్లం కనబడింది, కింది గడి నింపినవారికి కనబడలేదు. ఖర్జూరాన్ని పక్కన పెట్టినా ఆ గడిలో 22 ఉండాలి.

పిండిపదార్థాన్ని విడగొట్టి తయారుచేసే పొడి మాల్టోడెక్స్‌ట్రిన్ సంగతి వేరు. అది పట్టికలో చక్కెరగా కాక పిండిపదార్థంగా లెక్కకొస్తుంది, అందులో తప్పులేదు. కానీ అది అరిగి గ్లూకోజుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. షుగర్ ఉన్నవాళ్ళు ఆకుపచ్చ పట్టీని నమ్మి తాగితే ఇబ్బంది వాళ్ళకే. బెల్లం పొడి తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో ప్యాకెట్ తెరిచిన కొద్దిరోజులకే గడ్డకట్టి స్కూపు దిగదు. పొడి పొడిగా ఉండాలనే మాల్టోడెక్స్‌ట్రిన్‌ను కలిపి ఉంటారు. బెల్లం తగ్గిస్తే దీని అవసరమూ తగ్గుతుంది.

ఇక వడ్డింపు పరిమాణం. పట్టికలో ఒక వడ్డింపు 15 గ్రాములు అన్నారు. మీరిచ్చిన స్కూపును అంచుదాకా నింపి చదును చేస్తే 15 గ్రాములే తూగుతుంది, నిజమే. కానీ తయారీ సూచనలో 200 మిల్లీలీటర్ల పాలకు రెండు స్కూపులు వేయమన్నారు. 30 గ్రాములంటే బెల్లం చక్కెరే 6.6 గ్రాములు, చెంచాన్నర పైమాట. పొద్దున, సాయంత్రం తాగితే 13. రోజుకు 1400 కేలరీలు తినే చిన్నపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన, మొత్తం కేలరీల్లో 10 శాతం అన్న గరిష్ఠ పరిమితి 35 గ్రాములు, 5 శాతానికి తగ్గితే ఇంకా మేలన్న లెక్కన 17.5. బిస్కెట్టు, జామ్, కెచప్ ఇంకా మొదలే కాలేదు. ఇది చాలదన్నట్టు సూచన చివర ‘రుచికి తగినంత తేనె లేదా చక్కెర కలుపుకోవచ్చు’ అని ఉంది!

దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనల ప్రకారం ‘చక్కెర కలపలేదు’ అనాలంటే ఏ రకమైన చక్కెరా కలిపి ఉండకూడదు, చక్కెరకు బదులుగా తీపినిచ్చే, చక్కెరలున్న పదార్థమూ ఉండకూడదు. బెల్లం మొదటిదానికి తగులుతుంది, ఖర్జూరం పొడి రెండోదానికి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం కలిపిన చక్కెరలను విడిగా చూపాలి, ఒక వడ్డింపులో అది రోజుకు ఆధారంగా తీసుకునే 50 గ్రాముల్లో ఎంత శాతమో కూడా వేయాలి. రెండు స్కూపులకు అది 13 శాతం. ఆన్‌లైన్‌లో మీ సరుకు ఇంకా ‘హెల్త్ డ్రింక్’ వరుసలోనే కనిపిస్తోంది. ఇలాంటి మాల్ట్ పొడులను ఆ వరుసలో పెట్టొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఏప్రిల్‌లోనే ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది.

మేము కోరేది: ఆకుపచ్చ పట్టీ తీసేయండి. కలిపిన చక్కెరల గడిలో అసలు అంకె వేయండి. వడ్డింపును 30 గ్రాములుగా సవరించండి. పట్టికకు ఆధారమైన ల్యాబ్ రిపోర్టు పంపండి. అంగళ్ళలో ఉన్న సరుకుపై సవరణ స్టిక్కరు వేయించండి. వీలైతే బెల్లం, మాల్టోడెక్స్‌ట్రిన్ రెండూ లేని పొడి ఒకటి తెండి. రాయలసీమలోనూ ఇక్కడ కర్ణాటకలోనూ అంబలిని ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో తాగేవాళ్ళకు రాగిలో తీపి ఉండి తీరాలన్న పట్టింపేమీ లేదు. తీపి తప్పదంటే 26ను ఒక్కసారిగా కాక 20కి, తరువాత 14కి దించండి, నాలుక అలవాటు పడుతుంది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే ప్యాకెట్ మీది 14 అంకెల లైసెన్సు నంబరుతో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి, 1915 ద్వారా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాం. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉందన్నది మీ న్యాయ విభాగానికి తెలిసే ఉంటుంది.

జతపరచినవి: ప్యాకెట్ నాలుగు వైపుల ఫోటోలు, బిల్లు నకలు, స్కూపు తూకం ఫోటో.

ఇట్లు,
ఆరోగ్య ఉపసంఘం సభ్యులు,
అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం