షేరింగ్ ఫ్లాట్ ఖాళీ చేసేవాళ్లకు: అడ్వాన్స్ సంగతి

నెలాఖరుకు ఫ్లాట్ వదిలేవాళ్లు ఒకసారి చదవండి. నోటిమాటగా చెబితే తర్వాత ‘ఎప్పుడు చెప్పావ్?’ అంటారు. అగ్రిమెంట్‌లో ఉన్న నోటీసు గడువు చూసుకుని, ఖాళీ చేసే తేదీతో ఓనర్‌కి వాట్సాప్‌ పెట్టండి.

నిజానికి చిక్కంతా ఓనర్‌తో కంటే మన మధ్యే. మీ బదులు వచ్చేవాళ్లు అడ్వాన్స్ వాటా మీకే ఫోన్‌పే చేస్తే, ఆ మాట ఓనర్‌కి మెసేజ్‌లో చెప్పి ‘సరే’ అనిపించుకోండి. లేకపోతే ఆఖర్న తాళాలిచ్చినవాళ్ల చేతికే మొత్తం వెళ్తుంది, ఎవరి వాటా ఎంతో తేలదు.

వెళ్లేరోజు కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో, గీజర్, కుళాయిలు, గోడ మేకుల వీడియో తీయండి. పెయింటింగ్‌కి నెల అద్దె కోత హైదరాబాద్‌లో మామూలే. అగ్రిమెంట్‌లో ఉంటే వాదన దండగ. లేకపోతే పెయింటర్ బిల్లు అడగండి, సగం కోతలు అక్కడే తగ్గుతాయి.