మానేశాక మిగిలే ఖాళీ

చిరంజీవి బాబుకు అమ్మ ఆశీస్సులు.

"మత్తు మానేశాను సరే, ఇక దేనికోసం నిద్ర లేవాలి?" అని నువ్వు రాసినది చదివి నేను భయపడలేదు, అడగవలసిన ప్రశ్నే అడిగావనిపించింది. మత్తుకు బానిసైన మనిషికి లక్ష్యమే ఉండదని అందరూ అంటారు కానీ, అది సగమే నిజం. లేచింది మొదలు డబ్బు ఎక్కడ సర్దాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ఏమని చెప్పాలి, సరుకు ఎక్కడ దాచాలి అన్న ఆరాటంతోనే పొద్దు గడిచిపోతుంది కాబట్టి, ఆ రోజులో ఖాళీ అన్నదే ఉండదు. వేరే లక్ష్యం లేనిచోట మత్తే లక్ష్యమై కూర్చుంటుంది. అందుకే దానితోపాటు దినచర్య మొత్తం పోయినట్లు నీకిప్పుడు అనిపిస్తోంది.

వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించగా, దాదాపు ఐదోవంతు మంది అక్కడ హెరాయిన్ వంటి వాటికి బానిసలైనట్లు తేలింది. అయితే వారిలో ఇల్లు చేరిన తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు నూటికి 5 మందే. స్వదేశంలో ఆ సరుకు అంత చవకగా దొరకకపోవడమూ ఒక కారణమే. కానీ కుటుంబం, ఉద్యోగం, తెల్లవారితే చేయవలసిన పని ఉన్నచోటికి వారు తిరిగి వచ్చారన్న సంగతిని నేను తేలికగా తీసుకోలేను.

అలాగని లక్ష్యం ఉంటే వైద్యం అక్కర్లేదనేవారి మాట నమ్మకు. మత్తు పదార్థాలు మెదడులో సంతోషంతో, కోరికతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనాన్ని అసహజంగా పెంచడం వల్ల మామూలు సంతోషాలు చప్పబడిపోతాయి, అవి మళ్లీ రుచించడానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి ఇప్పుడు ఏ పని మీదా మనసు నిలవకపోతే, నీకు తగిన పనే లోకంలో లేదని తీర్మానించుకోకు. ఇష్టం కలిగాక మొదలుపెడదామని కూర్చుంటే రోజులు గడుస్తాయే తప్ప ఇష్టం కలగదు. చాలాసార్లు పని మొదలైన తరువాతే అది వెనకాల వస్తుంది.

గొప్ప ఆశయం వెతుక్కోమని కూడా నేను చెప్పను. (ఆ మాట చెప్పేవారు సాధారణంగా వేదిక దిగగానే మరిచిపోతారు.) నువ్వు వెళ్లకపోతే ఎవరికో ఒకరికి పని ఆగిపోవాలి, ప్రస్తుతానికి అంత చాలు. సాయంత్రాలు గడవడం లేదన్నావు కదా, పక్కింటి అబ్బాయికి లెక్కలు చెప్పడం ఆ వేళకే పెట్టుకో. డాక్టరు రాసిన మందులు మాత్రం బాగానే ఉన్నానని నీ అంతట నువ్వు ఆపేయకు. తగ్గించాలంటే ఆయన్నే అడుగు.

ఇట్లు,
మీ అమ్మ